జీఎస్‌వీ రిఫ్లక్స్ అని రిపోర్టు వచ్చింది: మేజోళ్లు సరిపోతాయా, సిర మూయించాలా?

ప్రశ్నల_పుట్ట
మా వదిన కుడికాలి డాప్లర్ (సిరల్లో రక్తం ఎటు పోతోందో చూసే స్కాన్) రిపోర్టు ఉన్నది ఉన్నట్టు: "జీఎస్‌వీ 8.2 మి.మీ., ఎస్‌ఎఫ్‌జే ఇన్‌కాంపిటెంట్, రిఫ్లక్స్ ఉంది, డీప్ వీన్స్ నార్మల్, డీవీటీ లేదు." అంతే, ఐదు ముక్కలు. వయసు 46, రోజంతా నిలబడి చేసే పని. మోకాలి లోపలి వైపు నుంచి పిక్క మీదికి మెలికలు తిరిగిన నరాలు. సాయంత్రానికి కాలు బరువు, చీలమండ పైన దురద, అక్కడే చర్మం గోధుమరంగుకు తిరిగింది. ఒక డాక్టరు లేజర్ చేయించుకోమన్నారు. ఇంకొకరు కాలిని బిగించి పట్టే మేజోళ్లు వేసుకుంటే చాలన్నారు. ఇంట్లోవాళ్లకేమో ఆ నరం మూసేస్తే కాలికి రక్తం ఎలా అందుతుందని భయం. ఎవరిని అడిగినా ఏం చెయ్యాలో చెప్తున్నారు గానీ ఎందుకో చెప్పట్లేదు. నాకు ఆ "ఎందుకు" కావాలి.

డాప్లర్_శబ్దం
ముందు ఒక మాట. మనం సిరనీ నరమే అంటాం, నెర్వునీ నరమే అంటాం. అందుకే ఉబ్బిన సిరలతో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామంది. ఇది రక్తనాళాల సమస్య, చూడాల్సింది వాస్క్యులర్ సర్జన్.

ఇక భయం సంగతి. కాలికి రక్తం తెచ్చేవి ధమనులు. సిరల పని ఆ రక్తాన్ని గుండెకి తిరిగి చేర్చడం. ఆ తిరుగు రక్తంలో దాదాపు 90 శాతం కండరాల మధ్య లోతుగా ఉండే డీప్ సిరల్లోనే పోతుంది. చర్మం కింద పాకే జీఎస్‌వీ పక్కదారి లాంటిది. ఇప్పుడు ఆ పక్కదారిలో రక్తం పైకి పోవాల్సింది పోయి కిందికి జారుతోంది, అదే రిఫ్లక్స్. దాన్ని మూసేస్తే కాలికి వచ్చే లోటేమీ లేదు, రక్తం మంచి దారి పట్టుకుంటుంది. "డీప్ వీన్స్ నార్మల్" అన్న మూడు మాటలే మీ రిపోర్టులో అన్నిటికన్నా విలువైనవి. పాత గడ్డ (డీప్ సిరలో కట్టే గడ్డనే డీవీటీ అంటారు) వల్ల డీప్ సిర మూసుకుపోయి ఉంటే ఆ పక్కదారే దిక్కవుతుంది, అప్పుడు దాని జోలికి పోకూడదు.

జీఎస్‌వీ అంటే గ్రేట్ సఫీనస్ వీన్. చీలమండ లోపలి ఎముక ముందు నుంచి బయల్దేరి, మోకాలి లోపలి పక్కగా, తొడ లోపలి వైపు ఎక్కి, గజ్జలో డీప్ సిరలో కలుస్తుంది. ఆ కలిసే చోటు పేరు ఎస్‌ఎఫ్‌జే. అక్కడి వాల్వ్ సరిగా మూసుకోవట్లేదు, అదే ఇన్‌కాంపిటెంట్ అన్న మాట.

స్కాన్ నిలబెట్టి చేశారా, పడుకోబెట్టి చేశారా?

ప్రశ్నల_పుట్ట
పడుకోబెట్టే చేశారండీ. ఐదు నిమిషాల్లో అయిపోయింది. నిలబెట్టాలా?

డాప్లర్_శబ్దం
తప్పకుండా. పడుకుంటే సిర సగం ఖాళీ అయిపోతుంది, వ్యాసం తక్కువ కనబడుతుంది, లీకు దొరక్కపోవచ్చు కూడా. గడ్డ ఉందా లేదా చూడ్డానికి పడుకోబెట్టి చేసే స్కాన్ చాలు. లీకు కొలవాలంటే చాలదు.

చేసే తీరు ఇది. మనిషి నిలబడి బరువంతా రెండో కాలి మీద వెయ్యాలి. చూడాల్సిన కాలు మోకాలు కాస్త వంచి, పాదం బయటికి తిప్పి, వదులుగా పెట్టాలి. ప్రోబు తొడ మీద ఉంచి పిక్కని చేత్తో గట్టిగా పిండి టక్కున వదలాలి. పిండినప్పుడు రక్తం పైకి ఉరుకుతుంది. వదిలాక మంచి వాల్వ్ అరసెకను లోపే మూసుకుంటుంది. 0.5 సెకను దాటి కిందికి జారితే రిఫ్లక్స్. తొడలోనూ మోకాలి వెనకా ఉండే డీప్ సిరలకైతే 1 సెకను దాకా వదిలేస్తాం.

రెండోసారి తీయించినప్పుడు రిపోర్టులో ఇవి ఉన్నాయా చూడండి: రిఫ్లక్స్ ఎన్ని సెకన్లు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా, తొడ మధ్యలో వ్యాసం ఎంత, పిక్క వెనక ఉండే ఎస్‌ఎస్‌వీ (స్మాల్ సఫీనస్ వీన్) ఎలా ఉంది, పైసిరల్ని డీప్ సిరలతో కలిపే పర్ఫరేటర్లు లీకవుతున్నాయా, సిర చర్మానికి ఎంత లోతులో ఉంది. "రిఫ్లక్స్ ఉంది" అని వదిలేసిన కాగితం పట్టుకుని ఏ చికిత్సా సరిగ్గా ప్లాన్ చెయ్యలేరు.

పిక్క_పంపు
ఎందుకు అని అడిగారు కాబట్టి ప్రెషర్ లెక్క చెప్తా. కదలకుండా నిలబడితే గుండె నుంచి పాదం దాకా ఉన్న రక్తం బరువంతా చీలమండ సిరల మీదే పడుతుంది. అక్కడ ప్రెషర్ సుమారు 80–90 మి.మీ. పాదరసం. నడవడం మొదలుపెట్టగానే పిక్క కండరం బిగిసి డీప్ సిరల్ని పిండుతుంది, రక్తం పైకి పోతుంది, వాల్వులు దాన్ని మళ్లీ కిందికి రానివ్వవు. పదడుగులు వేసేసరికి ప్రెషర్ 30 కంటే కిందికి దిగుతుంది. వాల్వులు చెడిన కాలిలో నడిచినా అంత దిగదు. పంపు తోడుతూనే ఉంటుంది, పక్కనుంచి నీళ్లు మళ్లీ బావిలోకే పడుతుంటాయి.

ఆ ప్రెషర్‌కి సన్నటి రక్తనాళాల గోడల్లోంచి ద్రవం, ఎర్రకణాలు చర్మంలోకి ఊరతాయి. ఎర్రకణాల్లోని ఇనుము అక్కడే పేరుకుంటుంది. మీ వదినగారి చీలమండ పైన ఉన్న గోధుమరంగు అదే. సబ్బుతోనో క్రీముతోనో పోయే మరక కాదది.

మేజోడు
అలాగైతే ముందు మేజోళ్లే కదా సరైన మందు? చీలమండ దగ్గర బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండే ఒత్తిడి బయటినుంచి ఇస్తే సిర సన్నబడుతుంది, పంపు పని తేలికవుతుంది. బరువు, వాపు తగ్గుతాయి. "వేసుకున్నాం, పనిచెయ్యలేదు" అనేవాళ్లలో చాలామందివి తప్పు కొలతలు.

కొలత పొద్దున్న లేచీ లేవగానే, కాలు వాయకముందే తియ్యాలి. మూడు కొలతలు: చీలమండ పైన అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట చుట్టు, పిక్క అన్నిటికన్నా లావుగా ఉన్నచోట చుట్టు, మడమ నుంచి మోకాలి మడత దాకా పొడవు. చెప్పుల సైజు అడిగి ఇస్తే తీసుకోకండి. మోకాలి కింది దాకా వచ్చేది ఎక్కువమందికి సరిపోతుంది. తొడ దాకా ఉండేది జారిపోయి మోకాలి వెనక ముడతపడితే అక్కడ తాడు కట్టినట్టే, ఉన్న వాపు పెరుగుతుంది. ఒత్తిడి 20–30 మి.మీ. పాదరసం రకం అడగండి. డబ్బా మీద క్లాస్ 1, క్లాస్ 2 అని మాత్రమే ఉంటే అంకెలు కూడా చూడాలి, ఒక్కో దేశం లెక్కలో ఒక్కో క్లాసుకి ఒక్కో ఒత్తిడి ఉంటుంది.

ప్రశ్నల_పుట్ట
ఒక జత కొన్నారు, వేసుకోవడమే పెద్ద యుద్ధం అని మూలన పడేశారు.

మేజోడు
చొక్కా చెయ్యి తొడిగినట్టు పైనుంచి లాగితే ఎవరికైనా యుద్ధమే. ఇలా చెయ్యమనండి. మంచం దిగకముందే, కాలు పొడిగా ఉండాలి. ఇంటిపనికి వాడే రబ్బరు గ్లౌజులు రెండు చేతులకీ వేసుకోవాలి, గోళ్లకి చిరగదు, పట్టు దొరుకుతుంది. మేజోడులోకి చెయ్యి పెట్టి మడమ గుంటని లోపలినుంచి పట్టుకుని, మడమ వరకు తిరగేసి బయటికి లాగాలి. ఇప్పుడు పాదం వరకే తొడుగు ఉంటుంది. దాన్ని పాదానికి ఎక్కించి మడమ సరిగ్గా మడమ గుంటలో కూర్చుందా చూసుకోవాలి. ఇక్కడ తప్పితే పైన అంతా తప్పుతుంది. ఆ తర్వాత మిగతాది కొంచెం కొంచెంగా పైకి తిప్పుతూ, అరచేత్తో నిమురుతూ పోవాలి. పై అంచు పట్టుకుని లాగకూడదు, పైన మిగిలినదాన్ని మడవకూడదు. మోకాలి మడతకి రెండు వేళ్ల కింద ఆపాలి. వేళ్లు తెరిచి ఉండే రకమైతే పాదానికి జారే గుడ్డ తొడిగి, దానిమీద మేజోడు ఎక్కించి, వేళ్ల దగ్గర్నుంచి గుడ్డ లాగేయొచ్చు.

రాత్రి తీసేయాలి. మాయిశ్చరైజర్ రాత్రే రాయాలి, పొద్దున రాస్తే కాలు జిడ్డుగా ఉండి ఎక్కదు. గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడలో ఆరెయ్యాలి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ సాగే దారాన్ని పాడుచేస్తుంది. రోజూ వాడే జత ఆరు నెలలకి బిగువు కోల్పోతుంది. తేలిగ్గా ఎక్కుతోంది, అలవాటైంది అని సంతోషపడితే పొరపాటు, అది సాగిపోయిందని గుర్తు.

కట్టు_కట్టే_చేయి
మేజోడు గారు చెప్పనిది ఒకటుంది. మేజోళ్లు కొనేముందు ధమనులు బాగున్నాయో లేదో చూడాలి, షుగర్ ఉన్నవాళ్లకీ పొగతాగేవాళ్లకీ మరీ ముఖ్యంగా. చీలమండ దగ్గర పై బీపీని చేతి పై బీపీతో భాగిస్తే వచ్చేది ఏబీపీఐ. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే నిశ్చింతగా వేసుకోవచ్చు. 0.8 కన్నా తక్కువైతే నిపుణులు చూసి తక్కువ ఒత్తిడి చెప్పాలి. 0.5 కన్నా తక్కువైతే అసలు వద్దు, వచ్చే కొద్ది రక్తాన్నీ మేజోడు ఆపేస్తుంది, పాదం నల్లబడుతుంది. 1.3 దాటితే బాగుందని కాదు. షుగర్‌లో ధమని గోడ గట్టిపడి అంకె తప్పు చూపిస్తుంది. అలాంటప్పుడు కాలి బొటనవేలి ప్రెషర్ చూస్తారు.

తెల్లకోటు_వాస్క్
మేజోడు గారి వివరాలన్నీ సరైనవే, ముగింపు మాత్రం ఒప్పుకోను. మేజోడు వేసుకున్నంతసేపే పనిచేస్తుంది. చెడిన వాల్వ్‌ని బాగుచెయ్యదు, తీసిన మరుక్షణం లీకు మళ్లీ మామూలే. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయం సూటిగా చెప్పాయి: చికిత్సకి వీలున్నవాళ్లకి చికిత్సగా మేజోళ్లు ఇవ్వొద్దు. ముందు వేడితో సిర మూసే పద్ధతి, అది కుదరకపోతే ఫోమ్ (మందు నురగ ఎక్కించడం), అదీ కుదరకపోతే ఆపరేషన్. గర్భిణులకి, ఏ చికిత్సకీ వీలుకానివాళ్లకి మేజోళ్లు.

ఇక్కడ తేల్చేది సిరల మెలికలు కాదు, చర్మం. సిరల జబ్బు ఏ దశలో ఉందో చెప్పడానికి ప్రపంచమంతా వాడే సీఈఏపీ లెక్క 1994లో వచ్చింది, 2004లో, 2020లో సవరించారు. సన్నటి ఎర్ర, నీలి గీతలు సీ1. నిలబడ్డప్పుడు 3 మి.మీ.కి తగ్గకుండా ఉబ్బినవి సీ2. వాపు సీ3. రంగు మారినా ఎగ్జిమా వచ్చినా సీ4ఏ, చర్మం గట్టిపడితే సీ4బీ. మానిన పుండు సీ5, పచ్చిపుండు సీ6. ప్రశ్నల_పుట్ట గారి వదిన సీ4ఏ. కాలు చూడ్డానికి బాగాలేదు అన్న దశ ఎప్పుడో దాటింది. సీ2లో ఏ ఇబ్బందీ లేనివాళ్లకి "ఇప్పుడేమీ వద్దు" అని చెప్పి పంపడం మంచి వైద్యమే. సీ4లో అలా చెప్పడం మాత్రం పుండు కోసం కాచుకోవడం.

మేజోడు
సీ4 అన్న సంగతి నేను పట్టించుకోలేదు, సరే. కానీ చికిత్స తేదీ వచ్చేదాకా వేసుకోమనే చెప్తా.

తెల్లకోటు_వాస్క్
అందులో నాకూ భేదం లేదు.

అనుమానాల_సుబ్బి
వేడితో మూయడం అంటే ఏం చేస్తారు? లేజర్, ఆర్‌ఎఫ్, జిగురు, ఫోమ్ అని నాలుగు పేర్లు వింటున్నాం. కొత్తది మంచిదా?

తెల్లకోటు_వాస్క్
కొత్తదాని కన్నా ఆ సిరకి సరిపోయేది మంచిది. ఒక్కొక్కటీ చెప్తా.

లేజర్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలతో వేడి పుట్టించడం) రెండింటికీ మొదలు ఒకటే. మోకాలి దగ్గర సూదితో జీఎస్‌వీలోకి దారి చేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తీగని గజ్జ వైపు ఎక్కిస్తారు. తీగ కొసని ఎస్‌ఎఫ్‌జేకి 2 సెం.మీ. కింద ఆపుతారు. మరీ దగ్గరికి పోతే గడ్డ డీప్ సిరలోకి పొడుచుకొస్తుంది. తర్వాత అసలైన మెట్టు, ట్యూమెసెంట్. అర లీటరు సెలైన్‌లో లిడొకైన్, అడ్రినలిన్, సోడా బైకార్బ్ కలిపి పల్చటి మత్తుమందు చేస్తారు. సిర చుట్టూ పొరలోకి, సెంటీమీటరుకి సుమారు 10 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. స్క్రీన్ మీద చూస్తే నల్లటి ఉంగరం మధ్యలో సిర చుక్కలా కుంచించుకుపోతుంది. ఆ నీళ్లు మూడు పనులు చేస్తాయి: నొప్పి తెలియనివ్వవు, సిర గోడని తీగకి అతికిస్తాయి, వేడి చర్మానికీ నెర్వుకీ తగలకుండా అడ్డుకుంటాయి. సిరకీ చర్మానికీ మధ్య కనీసం 1 సెం.మీ. ఎడం రావాలి. రాకపోతే చర్మం కాలుతుంది. చికిత్స తర్వాత చర్మం కాలిందన్నా తిమ్మిరి మిగిలిందన్నా నా అనుమానం ముందు ఈ మెట్టు మీదికే పోతుంది.

ఆర్‌ఎఫ్‌లో ఎక్కువగా వాడే రకానికి 7 సెం.మీ. వేడెక్కే ముక్క ఉంటుంది. 120 డిగ్రీల సెల్సియస్‌లో 20 సెకన్లు, తర్వాత ఒక ముక్క పొడవు వెనక్కి. గజ్జ దగ్గరి మొదటి ముక్కకి రెండుసార్లు. 40 సెం.మీ. సిరకి మొత్తం వేడి పెట్టే సమయం రెండున్నర నిమిషాలు కూడా దాటదు. లేజర్‌లో తీగని ఆగకుండా లాగుతారు, సెంటీమీటరుకి 60–80 జౌళ్లు పడేలా. 10 వాట్ల మీద పెడితే ఒక సెంటీమీటరుకి ఏడు సెకన్ల లెక్క. తొందరగా లాగితే సిర పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్లకి తెరుచుకుంటుంది. పాత 810, 980 నానోమీటర్ల లేజర్ల కన్నా 1470 రకంలో చర్మం కమిలిపోవడం, నొప్పి తక్కువ.

జిగురు అంటే సయనోఅక్రిలేట్. ప్రతి 3 సెం.మీ.కి 0.1 మి.లీ. వేసి పైనుంచి నొక్కి పట్టుకుంటారు. ట్యూమెసెంట్ అక్కర్లేదు, నెర్వుకి భయం లేదు. కానీ కొందరికి సిర పొడుగునా ఎర్రటి దద్దుర్లు, దురద, అలర్జీ వస్తుంది. జిగురు లోపలే ఉండిపోతుంది కాబట్టి వస్తే తీసెయ్యడం తేలిక కాదు. కృత్రిమ గోళ్లకో కనురెప్పలకో వాడే జిగురు పడనివాళ్లు ముందే చెప్పాలి.

సూది_దారం
అందరూ ఆపరేషన్ని చివరి మెట్టుకి తోసేశారు. బ్రిటన్‌లో 798 మంది మీద చేసిన క్లాస్ అనే ట్రయల్ ఐదేళ్ల ఫలితాలు 2019లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత జీవన నాణ్యతలో లేజరూ ఆపరేషనూ రెండూ ఫోమ్ కన్నా మెరుగ్గా ఉన్నాయి. సిర చర్మానికి అంటుకున్నట్టు పైపైన ఉన్నా, మెలికలు మరీ ఎక్కువై తీగ ఎక్కకపోయినా, యంత్రం అందుబాటులో లేకపోయినా ఆపరేషన్ మంచి చికిత్సే.

తెల్లకోటు_వాస్క్
నిజమే, ఫోమ్‌ని అందరికీ మొదటి చికిత్స చెయ్యకూడదు. ఆపరేషన్ తర్వాత గజ్జలో కోసి కట్టిన చోట సన్నటి కొత్త సిరలు మొలిచి లీకు తిరిగి రావడం మాత్రం మీకు తెలియంది కాదు. వేడి పద్ధతుల్లో గజ్జని కొయ్యం కాబట్టి అది తక్కువ.

సూది_దారం
తెలుసు. మూయించిన సిర మళ్లీ తెరుచుకోవడం మీకూ తెలుసు. ఏది చేసినా కొత్త సిరలు ఉబ్బే గుణం ఆ కాలికి ఉంటుంది, ముందే చెప్పి చెయ్యాలి.

అనుమానాల_సుబ్బి
ఫోమ్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సూది_దారం
ఒక వంతు మందు, నాలుగు వంతులు గాలి. రెండు సిరంజిలు, మధ్యలో త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి). ఒకదాన్నుంచి ఇంకోదానికి ఇరవైసార్లు అటూ ఇటూ తోస్తే గడ్డం గీసుకునే నురగలా అవుతుంది. నిమిషాల్లో విరిగిపోతుంది కాబట్టి అప్పటికప్పుడు కలిపి వాడాలి. సిరలో రక్తాన్ని పక్కకి నెట్టి గోడకి అంటి, లోపలి పొరని కాలుస్తుంది. ఒక విడతకి 10 మి.లీ. నురగ దాటకుండా చూస్తారు. మళ్లీ వచ్చిన మెలికలకి, పుండు చుట్టూ ఉండే సిరలకి, పెద్దవయసు వాళ్లకి చక్కగా పనికొస్తుంది. 8 మి.మీ. జీఎస్‌వీకి నేనైతే మొదట ఎంచుకోను, లావు సిర తిరిగి తెరుచుకోవడం ఎక్కువ. తర్వాత గోధుమరంగు చార నెలల తరబడి ఉండొచ్చు. లోపల రక్తం చిక్కుకుని గట్టి ఉండ కడితే సూదితో గుచ్చి పిండేస్తే నొప్పి, రంగు రెండూ తగ్గుతాయి. కొందరికి కాసేపు కళ్లముందు మెరుపులు కనిపిస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

నూనె_సీసా
మాత్రలతో పోదా? రోజూ నూనెతో మర్దనా చేస్తే?

పిక్క_పంపు
డయోస్మిన్–హెస్పెరిడిన్ మాత్ర రోజుకి 1000 మి.గ్రా. బరువు, నొప్పి, వాపు కొంత తగ్గిస్తుంది. వాల్వ్‌ని మూయదు, ఉబ్బిన సిరని సన్నం చెయ్యదు. మర్దనాతో హాయిగా ఉంటే మెల్లగా, పాదం నుంచి పైకి చెయ్యండి. రంగు మారిన చర్మం మీద గట్టిగా రుద్దితే పగులుతుంది. ఎర్రగా, వేడిగా, గట్టి తాడులా చేతికి తగిలే సిర ఉంటే మర్దనా అసలు చెయ్యకండి.

నూనె_సీసా
ఆ తాడు ఏంటి? పిక్క మీద ఒకచోట అలాగే ఉంది, నాలుగు రోజులుగా నొప్పి.

తెల్లకోటు_వాస్క్
పైసిరలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఇవాళో రేపో డాప్లర్ చేయించుకోండి. చేత్తో తెలిసేదాని కన్నా గడ్డ పైదాకా పోయి ఉండొచ్చు. గడ్డ 5 సెం.మీ. పొడవు దాటితే ఫోండాపారినక్స్ 2.5 మి.గ్రా. రోజుకొకటి 45 రోజులు ఇవ్వడం 2010లో వచ్చిన కాలిస్టో ట్రయల్ తర్వాత స్థిరపడింది. గజ్జలో కలిసేచోటికి 3 సెం.మీ. లోపు ఉంటే డీవీటీలాగే పూర్తి మోతాదు. ఏ మందు, ఎంతకాలం అన్నది స్కాన్ చూసిన డాక్టరు తేల్చాలి. పిక్క మొత్తం వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా ఆ నిమిషమే ఎమర్జెన్సీకి వెళ్లండి.

నూనె_సీసా
రేపు పొద్దున్నే వెళ్తున్నా.

కట్టు_కట్టే_చేయి
రేపటిదాకా నడవడం మానకండి, పిక్కని మాత్రం పిసక్కండి.

ఇంకొకటి, ఇది ఇంట్లో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. చీలమండ దగ్గర చర్మం పల్చబడి, నీలి బుడగలా ఉబ్బిన సిర చిన్న గీరుడుకే చిమ్ముతుంది. నొప్పి ఉండదు, స్నానం చేస్తుంటే నేలంతా ఎర్రబడ్డాక గానీ తెలీదు. నిలబడి గుడ్డ చుట్టుకుంటూ రక్తం పోయి చనిపోయినవాళ్లు ఉన్నారు. వెంటనే నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. కాలు గుండె కన్నా పైకి ఎత్తి కుర్చీ మీదో గోడకో ఆనించండి. శుభ్రమైన గుడ్డ మడిచి ఆ చుక్క మీదే వేలితో పది నిమిషాలు నొక్కండి, మధ్యలో తీసి చూడొద్దు. పైన తాడు బిగించి కట్టొద్దు. తాడు సిరని మూసి ధమనిని వదిలేస్తే రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. ఆగాక కూడా అదే రోజు డాక్టరుకి చూపించాలి, అదే చోట మళ్లీ చిమ్ముతుంది.

అడుగులో_అడుగు
నిలబడి చేసే పనికి వ్యాయామం: మడమలెత్తడం. గోడ పట్టుకుని రెండు మడమలూ పూర్తిగా లేపి రెండు సెకన్లు ఆగి మెల్లగా దించడం, 15 సార్లు, రోజుకి మూడు విడతలు. పనిలో గంటకోసారి ఐదారు సార్లు చేసినా పంపు తిరుగుతుంది. చీలమండ బిగుసుకుపోయినవాళ్లు ముందు పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి. కీలు కదలకపోతే పిక్క పంపు సగమే పనిచేస్తుంది. సాయంత్రం 15–20 నిమిషాలు కాళ్లు గుండె కన్నా ఎత్తులో. ముక్కాలి పీట మీద కాళ్లు చాపుకుంటే ఆ ఎత్తు రాదు.

అనుమానాల_సుబ్బి
గర్భంతో ఉన్నప్పుడు వచ్చినవాటికి కూడా ఇదేనా?

తెల్లకోటు_వాస్క్
కాదు. గర్భంలో సిర మూయించడం చెయ్యరు. మేజోళ్లు, నడక, ఎడమవైపు తిరిగి పడుకోవడం. కాన్పయ్యాక మూడు నెలల్లో చాలావరకు తగ్గుతాయి. మిగిలిన వాటికి అప్పుడు స్కాన్.

ప్రశ్నల_పుట్ట
ఇవాళ నిలబెట్టి మళ్లీ తీశారు. నలభై నిమిషాలు పట్టింది. "కుడి జీఎస్‌వీ తొడ మధ్యలో 9.1 మి.మీ., రిఫ్లక్స్ 3.4 సెకన్లు, గజ్జ నుంచి మోకాలి కింద 6 సెం.మీ. దాకా. సిర లోతు 14 మి.మీ. ఎస్‌ఎస్‌వీ బాగుంది. పిక్క లోపలి వైపు ఒక పర్ఫరేటర్ 3.1 మి.మీ., రిఫ్లక్స్ ఉంది. డీప్ సిరలు బాగున్నాయి." పర్ఫరేటర్‌ని కూడా మూయాలా? దానికి వేరే చికిత్స అంటున్నారు.

డాప్లర్_శబ్దం
ఇదీ రిపోర్టు అంటే. 9.1 అంకె చూసి రోగం ముదిరిందనుకోకండి, నిలబెట్టి తీశారు కాబట్టి అంత.

తెల్లకోటు_వాస్క్
ఇప్పుడు పర్ఫరేటర్‌ని వదిలేయండి. దాన్ని విడిగా మూయడానికి మూడూ కలవాలి: 3.5 మి.మీ. లేదా అంతకన్నా లావు, అరసెకను లేదా అంతకన్నా ఎక్కువ రిఫ్లక్స్, పైన పచ్చిపుండో మానిన పుండో. మీకు పుండు లేదు, లావు కూడా అంత లేదు. ప్రధాన సిర మూసి దానిమీద పడే రక్తం భారం తగ్గాక ఇలాంటివి చాలా సార్లు తమంతట తామే సర్దుకుంటాయి.

జీఎస్‌వీకి లేజరో ఆర్‌ఎఫ్‌వో, రెండూ సరిపోతాయి. మోకాలి కిందికి ఎంతదాకా పోతారో అడగండి. అక్కడ సఫీనస్ నెర్వు సిరని అంటిపెట్టుకుని ఉంటుంది, కిందికి పోయేకొద్దీ చీలమండ లోపలి వైపు తిమ్మిరి మిగిలే అవకాశం పెరుగుతుంది. పిక్క మీది మెలికల్ని అప్పుడే తీస్తారా, తర్వాతా? తీసేటట్టయితే పడుకోబెట్టకముందే నిలబెట్టి మార్కర్‌తో గీతలు గియ్యాలి. పడుకోగానే అవి మాయమవుతాయి, గీతలు లేకపోతే సగం దొరకవు. ఒకటి నుంచి మూడు మి.మీ. గాట్లు పెట్టి కొక్కెంతో లాగుతారు, కుట్లు అక్కర్లేదు.

ప్రశ్నల_పుట్ట
ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?

కట్టు_కట్టే_చేయి
బల్ల దిగగానే నడిపిస్తారు. ఇంటికొచ్చాక కూడా రోజూ అరగంట నడక, మంచం పట్టకూడదు. మేజోళ్లు వారం చాలు. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా తొడ లోపలి వైపు తీగ లాగినట్టు బిగువుగా ఉంటుంది, కాలు చాపితే తెలుస్తుంది. సిర ఎండి ముడుచుకోవడం వల్ల అది. తమకి సరిపడే నొప్పిమాత్రతో తగ్గుతుంది. వారం గడిచాక ఒకసారి స్కాన్ చేసి గడ్డ డీప్ సిరలోకి పొడుచుకురాలేదని చూసుకోవాలి. దూరప్రయాణాలు నాలుగు వారాలు వాయిదా. గోధుమరంగు ముదరదు గానీ పూర్తిగా పోతుందని ఆశపడొద్దు. దురద తగ్గాలంటే వాసన లేని మాయిశ్చరైజర్ (మేజోళ్లు మానేశాక) రోజూ రెండు పూటలా, ఎగ్జిమా ఎక్కువగా ఉంటే డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొద్దిరోజులు. నియోమైసిన్ ఉన్న క్రీములు ఈ చర్మానికి తరచూ పడవు.

పిక్క_పంపు
వదినగారు బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారా? ఆ మాత్రకి చీలమండలు వాస్తాయి. సిర మూసినా ఆ వాపు ఉంటుంది. అప్పుడు చికిత్స విఫలమైందనుకుంటారు.

ప్రశ్నల_పుట్ట
వేసుకుంటున్నారు, 5 మి.గ్రా. ఎడమకాలు కూడా కొంచెం వాస్తుంది, ఆ కాలిలో సిరలేమీ ఉబ్బలేదు.

పిక్క_పంపు
రెండు కాళ్లూ సమానంగా వాచే భాగం మాత్రదై ఉండొచ్చు, కుడికాలికి అదనంగా ఉన్నది సిరది. తమంతట తాము ఆపెయ్యొద్దని చెప్పండి. బీపీ చూసే డాక్టరుని మార్చమని అడగాలి. మార్చేముందు, మార్చిన రెండు వారాలకి, పొద్దున్నా సాయంత్రమూ రెండు చీలమండల చుట్టుకొలతా టేపుతో తీసి రాసి పెట్టుకోండి. ఎముక నుంచి ఎంత ఎత్తులో కొలుస్తున్నారో పెన్నుతో గుర్తు పెట్టుకుంటేనే ఆ అంకెలకి విలువ.

నూనె_సీసా
స్కాన్ అయింది. పైసిరలోనే గడ్డ, 7 సెం.మీ., గజ్జకి చాలా దూరం. 45 రోజుల ఇంజెక్షన్ రాశారు. తెల్లకోటు గారూ, కట్టు గారూ, ఆ రాత్రి మర్దనా చేసుకోబోయి మీ మాట విని ఆగా.

కట్టు_కట్టే_చేయి
ఇంజెక్షన్ పొట్ట మీద రోజుకో వైపు మార్చండి, బొడ్డుకి రెండంగుళాలు వదిలేసి. చర్మాన్ని మడతపట్టి సూది నిటారుగా దించాలి, సిరంజిలో ఉన్న గాలిబుడగ బయటికి తియ్యొద్దు, గుచ్చాక రుద్దొద్దు. రోజూ ఒకే సమయానికి.